గింజలు లెక్కపెట్టిన బుజుర్గులు



చిన్నప్పుడు మాకు జుకామ్ చేస్తే నానీమా మొదట వెతికేది మాత్ర కాదు, పాత మల్మల్ గుడ్డముక్క. తవా మీద చిటికెడు కలోంజీ వేసి, వాసన వచ్చేదాకా వేయించి, ఆ గుడ్డలో చిన్న పోట్లీ కట్టేది. దాన్ని అరచేతిలో రుద్ది ముక్కు దగ్గర పెట్టి 'సూంఘో' అనేది. ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరిగేవి, మూసుకుపోయిన ముక్కు తెరుచుకునేది. అప్పటికి నాకు కలోంజీ అంటే ఆ పోట్లీ, మామిడికాయ అచార్‌, మిర్చీ కా సాలన్‌లో పడే బఘార్. అంతే.

రెండేళ్ల కింద అదే కలోంజీ మా ఖాలాని ఆస్పత్రి మంచం ఎక్కించింది. ఇలా అనడం జుల్మ్ అని నాకూ తెలుసు. తప్పు గింజది కాదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా. ఖాలాకి పదిహేనేళ్లుగా షుగర్. ఒక జల్సా బయట స్టాల్ పెట్టుకున్న మనిషి దగ్గర కలోంజీ నూనె సీసాలు కొన్నది. సీసా మీద ఉర్దూలో 'హర్ మర్జ్ కీ దవా' అని పెద్ద అక్షరాలు. రోజుకి మూడు పూటలా చెమ్చా నిండా తాగమన్నాడట. "గోలియాఁ ఛోడ్ దేవ్ బోలే ఉనో" అని ఖాలా తర్వాత చెప్పింది. షుగర్ మాత్రలు మానెయ్యమన్నాడన్నమాట. మానేసింది. నెలన్నర గడిచేసరికి కాలి వేలి మీద పుండు, ఆ తర్వాత జ్వరం, ఆ తర్వాత ఆపరేషన్. రెండు వేళ్లు తీసేశారు.

డాక్టర్ ముందు ఏమీ అనలేదు గానీ, నేను ఒక్కడినే ఉన్నప్పుడు ఖాలా అడిగింది: "మాత్రలు మానకపోతే హదీస్ మీద షక్ పడ్డట్టు అవుతుందేమో అనుకున్నా బేటా. నా ఈమాన్‌లో కమీ ఉండబట్టే షిఫా రాలేదా?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఆలిమ్‌నూ కాదు, హకీమ్‌నూ కాదు, అఖ్బార్ మనిషిని. కానీ ఉర్దూ మీడియంలో చదువుకున్నందుకు పాత కితాబులు తెరిచి చూడగలను. తెరిచాను. ఖాలా కోసం మొదలుపెట్టిన చదువు ఇది. మన ఇళ్లన్నిటిలోనూ ఆ సీసా ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మొక్కని గుర్తుపట్టాలి

కలోంజీ మొక్క చిన్నది. జానెడు నుంచి మూరెడు ఎత్తు. ఆకులు సోంపు ఆకుల్లా దారాలు దారాలుగా ఉంటాయి. పువ్వు తెలుపు, లేదా లేత నీలం. పువ్వు రాలాక గుండ్రటి కాయ ఉబ్బుతుంది, దాని నెత్తిన చిన్న కొమ్ముల్లాంటివి నిలబడతాయి. కాయ ఎండి పగిలితే లోపల మూడు మూలల నల్ల గింజలు. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్, బెంగాల్ వైపు చలికాలం పంటగా వేస్తారు.

పేరు దగ్గరే మొదటి గల్తీ జరుగుతుంది. తెలుగులో దీన్ని నల్ల జీలకర్ర అంటాం. కానీ బిర్యానీలో వేసే షాజీరాని కూడా కొన్ని దుకాణాల్లో నల్ల జీలకర్ర అనే ఇస్తారు. అది వేరే మొక్క, గింజ సన్నగా, పొడుగ్గా, కొంచెం వంకరగా ఉంటుంది. ఇంకొందరు కలోంజీని ఉల్లి విత్తనాలు అంటారు. చూడ్డానికి నిజంగానే అలా ఉంటుంది, కానీ ఉల్లితో దీనికి ఏ రిష్తా లేదు. నలిపి వాసన చూస్తే తెలిసిపోతుంది. స్వీడన్‌కి చెందిన లినేయస్ 1753లో దీనికి 'నైజెల్లా సటైవా' అని ఇల్మీ పేరు పెట్టాడు. మొదటి మాటకి నల్లనిది అనీ, రెండో మాటకి సాగు చేసేది అనీ అర్థం. అరబ్బులు 'అల్ హబ్బతుస్సౌదా' అన్నదీ నల్ల గింజ అనే. ఫార్సీలో సియాహ్ దానా అన్నా అదే. పాత తిబ్ కితాబుల్లో మాత్రం షూనీజ్ అని కనిపిస్తుంది.

హదీస్ కంటే ముందు

ఈ గింజని మనుషులు ముందే ఎరుగుదురు. ఇవాళ్టి తుర్కియాలో తవ్వకాల్లో దొరికిన హిత్తైతుల కాలపు కూజాలో కలోంజీ గింజలు బయటపడ్డాయి. అవి మూడున్నర వేల ఏళ్ల నాటివి. బైబిల్‌లో యెషయా గ్రంథం ఒక గింజ పంటని నూర్పిడి పనిముట్టుతో నూర్చరనీ, కర్రతో కొట్టి రాల్చుతారనీ చెబుతుంది. అది కలోంజీయే అని ఎక్కువమంది పండితుల మాట.

మొదటి సదీలో యూనానీ హకీమ్ డయాస్కొరిడిస్ మూలికల మీద పెద్ద కితాబు రాశాడు. అందులో షూనీజ్ గురించి చెప్పిన రెండు సంగతులు చదివి ఆగిపోయాను. ఒకటి: జుకామ్‌కి దీన్ని నలిపి గుడ్డలో కట్టి వాసన చూడాలి. అంటే మా నానీమా పోట్లీయే! రెండోది: మోతాదు మించి తాగితే ప్రాణం తీస్తుందని అంటారు. ఆ కితాబుని తొమ్మిదో సదీలో బగ్దాద్‌లో ఇస్తిఫాన్ బిన్ బసీల్ అరబ్బీలోకి తర్జుమా చేస్తే, హునైన్ బిన్ ఇస్‌హాక్ సరిదిద్దాడు. మన హకీములు మొదటి నుంచీ ఈ రెండు మాటల్నీ కలిపే చదువుకున్నారు. ఫాయిదా ఒక వరసలో ఉంటే, పక్క వరసలోనే మిక్‌దార్ హెచ్చరిక ఉంది.

హదీస్ ఎలా మొదలవుతుంది

సహీ బుఖారీలో కితాబుత్తిబ్ అనే అధ్యాయం ఉంది. ఈ హదీస్ అక్కడే ఉంది. చివరి మాట అందరికీ నోటికొచ్చు: ఈ నల్ల గింజలో మౌత్‌కి తప్ప ప్రతి మర్జ్‌కీ షిఫా ఉందని రసూలుల్లాహ్ (స) చెప్పారు. కానీ ముందున్న వాకియాని సీసా అమ్మేవాళ్లు చెప్పరు.

కొందరు ప్రయాణంలో ఉన్నారు. వాళ్లలో గాలిబ్ బిన్ అబ్జర్ అనే ఆయన దారిలోనే బీమార్ పడ్డారు. మదీనా చేరాక ఇబ్నె అబీ అతీక్ పరామర్శకి వచ్చారు. ఆయన ఇచ్చిన నుస్ఖా ఇది: అయిదు గింజలో ఏడు గింజలో తీసుకుని నూరండి, నూనెలో కలిపి రెండు ముక్కు రంధ్రాల్లోనూ చుక్కలుగా వెయ్యండి. ఆ తర్వాతే, హజ్రత్ ఆయిషా (రజి) నుంచి తాను విన్న మాటగా ఆ హదీస్ వినిపించారు.

మళ్లీ చూడండి. అయిదో, ఏడో. చెమ్చా కాదు, కప్పు కాదు, గింజలు లెక్కపెట్టారు. తిర్మిజీలో హజ్రత్ ఖతాదా మాట కూడా ఉంది. ఆయన రోజుకి ఇరవై ఒక్క గింజలు తీసుకుని, గుడ్డలో కట్టి నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని ముక్కులో చుక్కలుగా వేసుకునే పద్ధతి చెప్పారు. ఏ వైపు ఎన్ని చుక్కలో, ఏ రోజు ఎన్నో కూడా చెప్పారు. హదీస్‌ని మనకంటే గట్టిగా నమ్మినవాళ్లు వీళ్లు. నమ్మారు కాబట్టే లెక్క తప్పలేదు.

'ప్రతి' అన్న మాట మీద బహస్

'ప్రతి మర్జ్' అంటే ఏమిటి? ఈ సవాల్ ఇవాళ మన డాక్టర్లు కొత్తగా వేసింది కాదు. వెయ్యేళ్ల కిందే మన ఉలమా వేశారు.

ఇమామ్ ఖత్తాబీ హిజ్రీ 388లో ఇంతకాల్ అయ్యారు. లఫ్జ్ ఆమ్‌గా ఉన్నా మురాద్ ఖాస్ అని ఆయన అన్నారు. ఏ ఒక్క మూలికలోనూ అన్ని మర్జులకీ పనికొచ్చే అన్ని గుణాలూ ఉండవు కాబట్టి, చల్లదనం, తేమ వల్ల వచ్చే మర్జులకే ఈ మాట వర్తిస్తుందని ఆయన వాదన. ఇబ్నె ఖయ్యిమ్ (హిజ్రీ 751) జాదుల్ మఆద్‌లో దీనికి ఖుర్ఆన్ నుంచే మిసాల్ తెచ్చారు. సూరా అహ్‌కాఫ్‌లో ఆద్ జాతి మీదకి వచ్చిన గాలి ప్రతిదాన్నీ నాశనం చేసిందని ఉంది. కానీ అదే ఆయత్‌లో వాళ్ల ఇళ్లు మాత్రం కనిపిస్తూ మిగిలాయనీ ఉంది. అంటే 'ప్రతి' అన్న మాటని సందర్భంలో పెట్టి చదవాలి.

ఇంకో వైపు నుంచీ గట్టి మాట వచ్చింది. ఇబ్నె అబీ జమ్‌రా దీన్ని ఒప్పుకోలేదు. హకీముల ఇల్మ్ ఎక్కువగా తజ్‌రిబా మీద, అందాజా మీద నడిచేదే కదా, వాళ్ల మాటకి నబీ (స) మాటని కుదించడం ఏమిటని అడిగారు. ఈ ఏతరాజ్‌ని కొట్టిపారెయ్యలేం. ఖాలా మనసులో ఉన్నదీ ఇదే.

ఈ రెండు వైపులనీ ఫత్‌హుల్ బారీలో పక్కపక్కన పెట్టి చూసింది ఇబ్నె హజర్ అస్ఖలానీ (హిజ్రీ 852). ఆయన చెప్పింది నాకు అన్నిటికంటే నచ్చింది. ప్రతి మర్జ్‌కీ షిఫా అంటే ప్రతి మర్జ్‌కీ దీన్ని ఉన్నది ఉన్నట్టు మింగేయాలని కాదు. ఒకచోట ఒంటరిగా, ఒకచోట వేరే మందుతో కలిపి, ఒకచోట నూరి, ఒకచోట నూరకుండా, తినడానికో, తాగడానికో, ముక్కులో వేయడానికో, పట్టు వేయడానికో వాడతారు. అలా అని 'ప్రతి' అన్న మాటని వదులుకోలేదు, ఎలా వాడాలన్న సవాల్‌నీ వదులుకోలేదు. గాలిబ్ బిన్ అబ్జర్‌కి వచ్చింది బహుశా జుకామ్ కావచ్చని కూడా ఆయనే అన్నారు.

అబూ దావూద్‌లో ఇంకో హదీస్ ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖాస్ (రజి) గుండె దగ్గర నొప్పితో ఉన్నప్పుడు హుజూర్ (స) స్వయంగా చూడ్డానికి వెళ్లారు. సకీఫ్ తెగకి చెందిన హారిస్ బిన్ కలదా దగ్గరికి వెళ్లు, అతను తబీబ్ అని చెప్పారు. నబీయే తబీబ్ దగ్గరికి పంపారంటే, తబీబ్ దగ్గరికి పోవడం ఈమాన్‌లో కమీ ఎలా అవుతుంది?

హకీముల లెక్క

ఇబ్నె సీనా (వఫాత్ 1037) అల్ ఖానూన్ అయిదు జిల్దుల కితాబు. రెండో జిల్ద్ ఒక్కో మూలికనీ విడివిడిగా చెబుతుంది. షూనీజ్ మిజాజ్ వేడి, పొడి అని ఆయన రాశాడు. వేయించి గుడ్డలో కట్టి వాసన చూస్తే జుకామ్‌కి మంచిదన్నాడు. నానీమా ఖానూన్ చదవలేదు. బగ్దాద్, బుఖారా, ఢిల్లీ, దక్కన్ మీదుగా చేతులు మారుతూ ఆ పోట్లీ మా వంటింటికి వచ్చింది.

దక్కన్‌లో ఆ ఇల్మ్‌కి ఇల్లు కట్టింది కుతుబ్ షాహీలు. మొహమ్మద్ కులీ 1591లో హైదరాబాద్‌కి పునాది వేస్తే, 1595 నాటికి దారుష్షిఫా లేచింది. రోగులకి ఇలాజ్, హకీములకి పాఠాలు, రెండూ అక్కడే. ఆ ఇమారత్ పేరే ఇవాళ ఆ మొహల్లా పేరు. తర్వాత ఏడో నిజాం కాలంలో చార్మినార్ పక్కనే యూనానీ దవాఖానా వచ్చింది. ఇప్పటికీ ఉదయాన్నే అక్కడ లైన్ ఉంటుంది. ఆంధ్ర వైపు కర్నూల్‌లో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరు మీద యూనానీ కాలేజీ ఉంది.

ఈ పరంపరలో చదువుకున్న హకీమ్ ముందు కూర్చుంటే ముందు నాడి చూస్తాడు. వయసు, ఆకలి, నిద్ర అడుగుతాడు. మీ మిజాజ్ వేడిదా, చల్లదా అని చూస్తాడు. వేడి మిజాజ్ మనిషికి కలోంజీ ఎక్కువిస్తే తక్లీఫ్ అని అతనికి తెలుసు. కాబట్టి తగ్గిస్తాడు, లేదా దాని వేడికి తోడుగా చల్లని మందు కలుపుతాడు. దీన్నే వాళ్లు ఇస్లాహ్ అంటారు. పరహేజ్ చెప్పి పంపుతాడు. జల్సా బయట స్టాల్ మనిషి ఖాలాని ఇందులో ఒక్కటీ అడగలేదు. అతను అమ్మింది తిబ్బే యూనానీ కాదు, తిబ్బే నబవీ కూడా కాదు. నూనె అమ్మాడు.

గింజలో ఏముంది?

ఇప్పుడు లేబొరేటరీ వైపు వద్దాం. ఇందులోనూ మన హకీముల చెయ్యి ఉంది. హకీమ్ అజ్మల్ ఖాన్ ఢిల్లీ తిబ్బియా కాలేజీలో దేశీ మూలికల మీద కెమిస్ట్రీ పరిశోధన జరగాలని పట్టుబట్టి, జర్మనీలో చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీకి ఆ పని అప్పగించారు. సిద్దీఖీ 1931లో సర్పగంధ వేరు నుంచి ఒక పదార్థం వేరు చేసి, అప్పటికే ఇంతకాల్ అయిన హకీమ్ సాబ్ పేరు మీద దానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. గుండె లయకి సంబంధించిన పరీక్షల్లో డాక్టర్లు ఇప్పటికీ దాన్ని వాడతారు. సిద్దీఖీ తర్వాత కరాచీ వెళ్లి యూనివర్సిటీలో పరిశోధన సంస్థ నిలబెట్టారు. అక్కడే అతావుర్రహ్మాన్, ఆయన సాథీలు 1985లో కలోంజీ నుంచి నైజెల్లిసిన్‌నీ, 1995లో నైజెల్లిడిన్‌నీ వేరు చేశారు. రెండూ అంతకుముందు ఎవరూ చూడని ఆల్కలాయిడ్లు.

వీళ్లకంటే ముందు పని మొదలుపెట్టింది ఈజిప్టు. అక్కడ కలోంజీని హబ్బతుల్ బరకా, బర్కత్ గింజ అంటారు. 1960ల్లో అద్దఖాఖ్నీ అనే ఈజిప్టు శాస్త్రవేత్త దీని సుగంధ తైలం నుంచి పసుపు రంగు స్ఫటికాన్ని వేరు చేశాడు. దాని పేరు థైమోక్వినోన్. కలోంజీ మీద ఇవాళ జరిగే పరిశోధనలో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతుంది.

గింజ బరువులో మూడో వంతు దాకా, కొన్నిట్లో ఇంకొంచెం ఎక్కువ, మామూలు నూనె ఉంటుంది. అందులో సగానికి పైగా లినోలిక్ ఆమ్లం, పొద్దుతిరుగుడు నూనెలో ఉండేదే. ప్రోటీన్ అయిదో వంతు దగ్గర. మనకి ముక్కుకి తగిలే ఘాటు మాత్రం సుగంధ తైలానిది. అది నూటికి అర పాలు నుంచి రెండు రెండున్నర పాళ్లే. థైమోక్వినోన్, సైమీన్, వాములో కూడా ఉండే కార్వక్రాల్, అన్నీ ఆ కొంచెంలోనే ఉన్నాయి. పైగా నేల, కోత, నూనె తీసిన పద్ధతి బట్టి ఈ పాళ్లు చాలా మారతాయి. థైమోక్వినోన్‌కి వెలుతురూ వేడీ పడవు. ఎండలో స్టాల్ మీద పెట్టిన తెల్ల గాజు సీసాలో అది ఎంత మిగిలిందో ఎవరు చెప్పగలరు?

లేబొరేటరీలో ఇది వాపుని తగ్గిస్తుందనీ, ఎలర్జీలో ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్‌ని కొంత ఆపుతుందనీ కనిపించింది. జుకామ్ పోట్లీ గుర్తొచ్చి నాకు ఖుషీ వేసింది. కానీ గాజు గొట్టంలో కనిపించిందల్లా మనిషి ఒంట్లో అలాగే జరగదు.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఖాలాకి నేను చదివి వినిపించింది ఒకటుంది. 2010లో సౌదీ అరేబియా పరిశోధకులు ప్రచురించారు. షుగర్ ఉన్న 94 మందిని మూడు జట్లు చేసి, మూడు నెలల పాటు రోజుకి ఒక గ్రాము, రెండు గ్రాములు, మూడు గ్రాముల కలోంజీ ఇచ్చారు. రెండు గ్రాముల జట్టులో షుగర్ బాగా తగ్గింది. మూడు గ్రాములిస్తే అంతకంటే ఎక్కువ లాభమేమీ రాలేదు. అసలు సంగతి ఇది: వాళ్లెవరూ తమ షుగర్ మాత్రలు మానలేదు. కలోంజీని మాత్రలతో పాటే ఇచ్చారు. ఉత్తి గింజతో పోల్చి చూడ్డానికి ఖాళీ మందు జట్టు అందులో లేదు కాబట్టి దీన్నే ఆఖరి మాట అనుకోకూడదు. బీపీ మీద జరిగిన చిన్న పరీక్షలన్నీ కలిపి చూసినా పై అంకెలో తగ్గింది దాదాపు మూడు పాయింట్లు. ఫాయిదా ఉంది. కానీ అది ఇలాజ్‌కి సాథీగా ఉండే ఫాయిదా, ఇలాజ్‌ని ఇంట్లోంచి వెళ్లగొట్టేది కాదు.

నుక్సాన్ కూడా చెప్పాలి. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు దీన్ని ఎక్కువ తీసుకుంటే అవి మరీ పడిపోవచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ దగ్గర పడ్డవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా తాగకూడదు. హమల్‌తో ఉన్న ఆడవాళ్లు వంటలో పడే చిటికెడు దాటి మందులా వాడకపోవడం మంచిది. నూనె రాసుకుంటే కొందరికి చర్మం దద్దుర్లెక్కి పొక్కుతుంది.

ఖాలాకి నా జవాబు

పోయిన రంజాన్‌లో ఖాలా ఇంటికి వెళ్లినప్పుడు ఇవన్నీ కూర్చుని చెప్పాను. ఇబ్నె అబీ అతీక్ అయిదు గింజలు, ఖతాదా ఇరవై ఒక్క గింజలు, ఖత్తాబీ మాట, ఇబ్నె అబీ జమ్‌రా ఏతరాజ్, ఇబ్నె హజర్ ఫైసలా. ఆ తర్వాత హారిస్ బిన్ కలదా దగ్గరికి హుజూర్ (స) పంపిన సంగతి. ఖాలా అక్కడ ఆపింది.

"తబీబ్ దగ్గరికి పొమ్మన్నారా? ఆయనే?"

"ఆయనే, ఖాలా."

చాలాసేపు మాట్లాడలేదు. కట్టు కట్టిన కాలు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా, "ఈ మాట ఆ సీసా అమ్మినోడు చెప్పలేదే" అంది.

చెప్పడు, చెబితే సీసా అమ్ముడుపోదు. కానీ మనమూ అడగలేదు, అది మన ఖతా. మస్జిద్ ముందు, జల్సా బయట, ఫోన్‌లో ఎవరో హదీస్‌లో సగం చదివి మిగతా సగం చోట ధర రాస్తే, హదీస్ కదా అని నోరు మూసుకుంటున్నాం. సవాల్ వేస్తే గుస్తాఖీ అవుతుందని భయం. ఖత్తాబీ సవాల్ వేశారు, ఇబ్నె ఖయ్యిమ్ వేశారు, ఇబ్నె హజర్ వేశారు. వాళ్లకి లేని భయం మనకెందుకు?

ఈసారి ఎవరైనా కలోంజీ నూనె చేతికిస్తే మూడు మాటలు అడగండి. ఎంత? ఎవరికి? ఇప్పుడు వాడే మందుతో పాటా, దానికి బదులా? మూడో దానికి 'బదులు' అన్నాడంటే సీసా తిరిగి ఇచ్చెయ్యండి. కలోంజీని వదలకండి. అచార్‌లో వెయ్యండి, నాన్ మీద చల్లండి, జుకామ్‌కి పోట్లీ కట్టండి.

ఖాలా ఇప్పుడు పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుంటుంది. ఆ తర్వాత డబ్బాలోంచి కలోంజీ అరచేతిలో పోసుకుని, బిస్మిల్లా అని, వేలితో ఒక్కొక్కటే పక్కకి జరుపుతుంది. ఏడు దగ్గర ఆపుతుంది. మిగతావి మళ్లీ డబ్బాలో పోస్తుంది. డాక్టర్‌కి చెప్పే చేస్తోంది.